బీబీసీ మైక్రో కీబోర్డులో పాడైన స్విచ్ మార్చడం: మొదటి నుంచి చివరిదాకా

ఇంగ్లండ్‌లో ఉండే మా బావ సెలవులకి వస్తూ నా కోసం బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్ ఒకటి మోసుకొచ్చాడు. మోడల్ బి, 32 కేబీ మెమరీ. ఆన్ చేయగానే ఆ పాత బీప్ వినిపించింది, తెర మీద అక్షరాలొచ్చాయి. "ఎన్" కీ మాత్రం ఎంత నొక్కినా పలకలేదు. ఒక్క అక్షరమే కదా అనిపిస్తుంది గానీ, ఇందులో ప్రోగ్రాములు రాసే బేసిక్ భాషలో "రన్", "ప్రింట్", "నెక్స్ట్", "ఎండ్" అన్నిటి ఇంగ్లిష్ స్పెల్లింగులోనూ ఎన్ ఉంది. ప్రోగ్రాం రాసినా నడపలేం.

ఈ కంప్యూటర్ మీద నాకున్న ప్రేమ బడి రోజులది. 1981 డిసెంబరులో కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ దీన్ని విడుదల చేసింది. 1984లో బడి పిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద మన దేశంలో వందల బడులకు ఇవే వచ్చాయి. మా బడికీ వచ్చాయి. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో ముగ్గురికొక మెషిన్ చొప్పున కూర్చునేవాళ్లం. అలాంటివి ఇప్పటికీ ఏదో బడి స్టోర్ రూములో, ఎవరింట్లోనో అటక మీద ఉండే ఉంటాయి. మీ చేతికి ఒకటి దొరికి, కీ ఒకటి పనిచేయకపోతే దాన్ని పారేయకండి. సోల్డరింగ్, అంటే లోహం కరిగించి అతికించే పని, కొంచెం వచ్చినవాళ్లెవరైనా ఒక మధ్యాహ్నంలో బాగుచేసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట గట్టిగా పట్టుకోండి. కీ కింద ఉండే స్విచ్ పోయినా ఫర్వాలేదు, అది అతికి ఉన్న సర్క్యూట్ బోర్డు పోకూడదు. స్విచ్ ఇంకోటి దొరుకుతుంది. బోర్డు మీద రాగి గీత లేచిపోతే దాన్ని అతికించడం పెద్ద తలనొప్పి. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ లెక్కలోనే ఉంటుంది.

తప్పు నిజంగా స్విచ్‌దేనా?

చాలామంది ఇక్కడే తొందరపడతారు. కీ పనిచేయలేదు అనగానే సోల్డరింగ్ ఐరన్ వేడి చేసేస్తారు. కీబోర్డు ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం కేసుల్లో తప్పు ఎక్కడుందో బయటి నుంచే తేలిపోతుంది.

బీబీసీ కీబోర్డు ఒక గళ్ల పట్టీ లాంటిది: పది నిలువు వరుసలు, ఎనిమిది అడ్డ వరుసలు. బోర్డు మీద 74ఎల్ఎస్163 అనే కౌంటర్ చిప్ తనంతట తాను లెక్కపెడుతూ పోతుంది. దాని లెక్కని బట్టి 7445 చిప్ ఒక్కో నిలువు వరుసనీ వంతులవారీగా గ్రౌండ్‌కి లాగుతుంది. ఏదైనా కీ నొక్కి ఉంటే ఆ సంగతి 74ఎల్ఎస్30 గేటు పసిగట్టి ప్రాసెసర్‌కి ఇంటరప్ట్, అంటే "ఇటు చూడు" అనే పిలుపు, పంపిస్తుంది. అప్పుడు ప్రాసెసర్ తన పని ఆపి, 74ఎల్ఎస్251 ద్వారా ఒక్కో గడినీ అడిగి నొక్కిన కీ ఏదో కనుక్కుంటుంది.

దీన్నిబట్టి లక్షణాలు చదవొచ్చు. ఒకే ఒక్క కీ చచ్చిపోతే దాదాపుగా అది స్విచ్ తప్పే, లేదంటే బోర్డులోకి దిగే దాని లోహపు కాలి దగ్గర సోల్డర్ పగిలి ఉంటుంది. "2", "3", "డబ్ల్యూ", "ఏ", "ఎస్", "జెడ్", ఎఫ్1, కంట్రోల్ అన్నీ ఒకేసారి పోతే అవన్నీ ఒకే నిలువు వరుసలోవి. అది 7445 చిప్ పనో, ఆ వరుస గీత తెగడమో అయి ఉంటుంది. "ఎస్", "సి", "జి", "హెచ్", "ఎన్", "ఎల్", డిలీట్ కలిసికట్టుగా పోతే అది అడ్డ వరుస సమస్య. ఎనిమిది స్విచ్‌లు ఒకే రోజు పాడవవు. అలాంటప్పుడు స్విచ్‌లు మారుస్తూ కూర్చుంటే శ్రమ తప్ప ఫలితం ఉండదు. అన్ని కీలూ పోతే ముందు కీబోర్డు నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే రిబ్బన్ కేబుల్ చూడండి.

బ్రేక్ కీ ఈ గళ్లలో లేదు. అది నేరుగా రీసెట్ లైనుకి వెళ్తుంది. అది కిందికి ఇరుక్కుపోతే మెషిన్ అసలు లేవదు, అందరూ మదర్‌బోర్డు పోయిందనుకుంటారు. షిఫ్ట్ ఇరుక్కుంటే ఇంకో రకం వింత. డిస్క్ సదుపాయం ఉన్న మెషిన్ ఆన్ చేయగానే షిఫ్ట్-బ్రేక్ కొట్టినట్టు డిస్క్ కోసం వెతుకుతుంది. ఒకే అక్షరం తెరంతా నిండిపోతుంటే ఆ స్విచ్ తెరుచుకోవడం లేదని అర్థం. ఒక్కసారి నొక్కితే రెండక్షరాలు పడుతుంటే లోపలి కాంటాక్టు మీద మురికి.

పరీక్ష కోసం బేసిక్‌లో రిపీట్, ప్రింట్ గెట్, అంటిల్ 0 అని మధ్యలో కోలన్లు పెట్టి ఒకే వరుసలో కొట్టండి. ఇక ఏ అక్షరం నొక్కితే దాని కోడ్ నంబరు తెర మీద పడుతుంది: "ఏ"కి 65, "ఎన్"కి 78. ఎస్కేప్ కొడితే ఆగుతుంది. నాలాగే మీకూ "ఎన్" లేకపోతే ప్రింట్‌కి బదులు "పి" చుక్క, అంటిల్‌కి బదులు "యు" చుక్క కొడితే చాలు, బేసిక్ అర్థం చేసుకుంటుంది.

ఎఫ్ కీలూ షిఫ్టూ బాణాలూ ఇందులో తేలవు. వాటికి ఇన్‌కీ ఫంక్షన్‌కి మైనస్ నంబరు ఇవ్వాలి. షిఫ్ట్‌కి మైనస్ 1, కంట్రోల్‌కి మైనస్ 2, "ఏ"కి మైనస్ 66, "ఎన్"కి మైనస్ 86. ఆ కీ నొక్కి ఉంటే మైనస్ 1 వస్తుంది, లేకపోతే 0.

ఇన్‌కీ అని కొట్టాలన్నా "ఎన్" కావాలి కదా! దానికీ ఈ మెషిన్‌లోనే దారి ఉంది. లేని వేరియబుల్‌ని ప్రింట్ చేయమని అడగండి, అంటే "పి" చుక్క "క్యూ" కొట్టండి. అలాంటి వేరియబుల్ లేదని ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ మాటల్లో మొదటి అక్షరమే పెద్ద "ఎన్". బాణం కీలతో కర్సర్‌ని దాని మీదికి తీసుకెళ్లి కాపీ కీ నొక్కితే ఆ అక్షరం మీ వరుసలోకి వచ్చేస్తుంది. రెండు రోజులు నేను అలా అరువు "ఎన్"తోనే ప్రోగ్రాములు రాశాను.

కావలసిన సామాన్లు

వేడి మార్చుకోగల సోల్డరింగ్ ఐరన్, 60/40 సీసం సోల్డర్ తీగ (0.8 మిల్లీమీటర్లది సరిపోతుంది), సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్, కరిగిన సోల్డర్‌ని లాగేసే సక్కర్, మిగిలినదాన్ని పీల్చే రాగి అల్లిక (విక్), రెండు చోట్ల మధ్య కలయిక ఉంటే బీప్ కొట్టే (కంటిన్యుటీ) మల్టీమీటర్, సన్నమూతి ట్వీజర్, స్టార్ స్క్రూడ్రైవర్, కీ పైటోపీని (కీక్యాప్) లాగడానికి తీగతో చేసిన పుల్లర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. హైదరాబాదులో ఉన్నవాళ్లకి ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒకే చుట్టులో దొరుకుతాయి. సక్కర్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మరీ చవకది రెండు వాడకాలకే లాగడం మానేస్తుంది, అప్పుడు మనం ఐరన్ ఎక్కువసేపు ఆనించి బోర్డు కాలుస్తాం.

స్విచ్ ఎక్కడిది అంటారా? ఏకార్న్ ఈ కీబోర్డులకి ఒక్క తయారీదారు స్విచ్‌లే వాడలేదు. ఫుటాబా కంపెనీవి బాగా కనిపిస్తాయి గానీ వేరేవీ ఉన్నాయి. కాళ్ల మధ్య దూరం, పైన కీక్యాప్ పట్టుకునే కాడ ఆకారం రెండూ కలవాలి. ఇప్పటి మెకానికల్ కీబోర్డుల్లో వాడే చెర్రీ ఎంఎక్స్ రకం స్విచ్‌కి కూడిక గుర్తులాంటి కాడ ఉంటుంది, దానికి పాత కీక్యాప్ పట్టదు. కాబట్టి పాడైపోయిన మరో బీబీసీ కీబోర్డు సంపాదించుకోవడం ఉత్తమం. అది దొరికేదాకా నేను చేసిన పని చెప్తాను: ఎఫ్9 కీ నేను ఎప్పుడూ వాడను, దాని స్విచ్ తీసి "ఎన్" స్థానంలో పెట్టాను. ఒకే బోర్డు మీదిది కాబట్టి అచ్చంగా సరిపోయింది. కాపీ కీ స్విచ్‌ని మాత్రం ఇందుకు వాడొద్దు, దాని విలువ పైన చూశారుగా.

విప్పడం

స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ గోడలోంచి తీసేయండి. ఎడమ పక్క ఉండే లోహపు పెట్టె పవర్ సప్లై. దాన్ని విప్పకండి, ఈ పనికి అవసరం లేదు. అయితే అందులో ఉండే రిఫా అనే కంపెనీ పాత కెపాసిటర్లు పగిలి గదంతా పొగ నింపుతాయన్నది బీబీసీ ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. అవి ఇంకా మార్పించకపోతే తెలిసినవాళ్లతో మార్పించాకే మెషిన్‌ని గంటల తరబడి నడపండి.

పైమూతకి నాలుగు స్క్రూలు. వెనక రెండు, అడుగున ముందువైపు రెండు. పక్కనే ఇంగ్లిష్‌లో "ఫిక్స్" అని రాసి ఉంటుంది. అవి తీస్తే మూత పైకి లేస్తుంది. కీబోర్డు రెండు బోల్టులతో బిగించి ఉంటుంది, కొన్నింటికి మూడు. వాటి నట్లు వదులయ్యాక మదర్‌బోర్డు మీదికి జారి, చిప్‌ల మధ్యలో దాక్కుంటాయి. ఒక చేత్తో పట్టుకునే విప్పండి. పని అయ్యాక నట్లు లెక్కపెట్టందే కరెంటు ఇవ్వొద్దు.

కీబోర్డు నుంచి మదర్‌బోర్డుకి 17 తీగల రిబ్బన్ వెళ్తుంది. ఊడదీసే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. కనెక్టర్‌ని పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ పైకి లాగాలి, తీగల్ని పట్టుకుని కాదు. స్పీకర్ వైరు కూడా ఎక్కడైనా బిగుసుకుని లాగబడుతుందేమో చూసుకోండి.

ఐరన్ ముట్టుకోకముందే ఒక ప్రయత్నం

కీక్యాప్ తీయండి. పుల్లర్ తీగని రెండు మూలల కిందా దూర్చి నిటారుగా లాగాలి. పక్కకి వంచితే కాడ విరుగుతుంది. స్పేస్ బార్ జోలికి వెళ్లకండి, దాని కింద బ్యాలెన్స్ తీగ ఉంటుంది, మళ్లీ కూర్చోబెట్టడానికి ఓపిక కావాలి.

ఇప్పుడు మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, బోర్డు వెనక ఆ స్విచ్ రెండు కాళ్ల మీదా ప్రోబులు ఆనించి నొక్కి చూడండి. మంచి స్విచ్ నొక్కగానే సున్నాకి దగ్గరగా వచ్చి అక్కడే నిలబడుతుంది. నా "ఎన్" స్విచ్ ఒకసారి 300 ఓమ్‌లు, ఇంకోసారి కొన్ని వేలు, గట్టిగా నొక్కితే 40, వేలు కొంచెం కదిలితే మళ్లీ తెగిపోయేది. అది విరిగిన స్విచ్ లక్షణం కాదు, మురికి లక్షణం.

కాడ పక్కన సందులోకి ఒకట్రెండు చుక్కలు ఆల్కహాల్ వేసి యాభై అరవై సార్లు నొక్కండి. బోర్డుని తలకిందులు చేసి మళ్లీ నొక్కండి, కరిగిన మురికి బయటికి వస్తుంది. అరగంట ఆరనిచ్చి మళ్లీ కొలవండి. నా చేతిలోకి వచ్చిన పాడైన స్విచ్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే బతికాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్న మెషిన్‌లైతే రెండు మూడు విడతలు చేయాలి. నూనె కలిసిన స్ప్రేలు మాత్రం కొట్టొద్దు. ఆ పూటకి పనిచేసినట్టే ఉంటుంది, తర్వాత దుమ్మంతా ఆ జిడ్డుకే అంటుకుంటుంది.

ఇంతా చేసినా నా "ఎన్" మారలేదు. ఇక తీయక తప్పలేదు.

స్విచ్‌ని ఊడదీయడం

బోర్డుని తిప్పినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. పైనుంచి చూస్తే "ఎన్"కి కుడిపక్కన "ఎమ్", వెనకనుంచి చూస్తే అక్కడ "బి" ఉంటుంది. చాలా ఏళ్ల కిందట ఇంకో మెషిన్‌లో నేను ఇలాగే నిక్షేపంలాంటి స్విచ్‌ని ఊడబెరికాను. అప్పటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను: మల్టీమీటర్ ప్రోబులు కాళ్ల మీద ఉంచి, ముందునుంచి కీ నొక్కి రీడింగ్ కదిలితేనే ఆ రెండు కాళ్ల చుట్టూ మార్కర్‌తో సున్నా చుడతాను.

ఐరన్ 340 డిగ్రీల దగ్గర పెట్టండి. మొదట ఫ్లక్స్ రాసి, పాత సోల్డర్ మీద కొత్త సోల్డర్ కొంచెం కలపండి. తీసేయాల్సిన చోట ఇంకా పోయడమేమిటని అనిపిస్తుంది. కానీ నలభై ఏళ్ల నాటి సోల్డర్ పైపొర బిగుసుకుపోయి వేడిని లోపలికి పోనివ్వదు. కొత్తది కలిస్తే క్షణంలో మొత్తం నీళ్లలా మెరుస్తుంది. అలా మెరిసిన క్షణంలోనే సక్కర్ మూతిని ఆనించి బటన్ నొక్కాలి. ఐరన్ మూడు సెకన్లకి మించి ఆనొద్దు. రాకపోతే ఆగి, చల్లారనిచ్చి, మళ్లీ సోల్డర్ కలిపి లాగండి. మిగిలిన కాస్త పొరని విక్‌తో అద్దండి.

రెండు కాళ్లూ ఖాళీ అయ్యాయనిపించాక ట్వీజర్‌తో ఒక్కో కాలినీ అటూ ఇటూ కదపండి. రంధ్రంలో టిక్ టిక్ మని ఊగితేనే అది విడిపోయినట్టు. ఒకవైపు అంటుకుని కదలకపోతే ఇంకా సోల్డర్ ఉంది. ఆ స్థితిలో లాగితే రంధ్రం చుట్టూ ఉన్న రాగి కూడా కాలితోపాటు ఊడొస్తుంది. కొన్ని కీబోర్డుల్లో స్విచ్‌లని ఒక లోహపు పలక కూడా పట్టుకుని ఉంటుంది. మీదాంట్లో అలా ఉంటే స్విచ్ పక్కల క్లిప్పులు నొక్కుతూ పైకి తీయండి. లేకపోతే నేరుగా వచ్చేస్తుంది.

ఎంతకీ రాలేదనుకోండి, స్విచ్‌ని బలిచ్చేయండి. ఎలాగూ చచ్చిన స్విచ్చే. పైనుంచి కట్టింగ్ ప్లేయర్‌తో ప్లాస్టిక్‌ని ముక్కలు చేసి, కాళ్లని విడివిడిగా మిగల్చండి. ఇప్పుడు ఒక్కో కాలినీ వేడిచేసి ట్వీజర్‌తో అలా లాగేయొచ్చు. బోర్డుకి ఏ ఒత్తిడీ ఉండదు.

తీసిన "ఎన్" స్విచ్‌ని విప్పి చూశాను. ఒక ప్లాస్టిక్ కాడ, బాల్‌పెన్ రీఫిల్ స్ప్రింగుకన్నా కొంచెం పెద్ద స్ప్రింగు, రెండు సన్నని లోహపు రేకులు, అంతే. ఒక రేకు కొసన నల్లగా చిన్న మచ్చ ఉంది, పక్కనే టీ ఎండినట్టు గోధుమరంగు చార. ఎప్పుడో ఎవరో దీని పక్కన కప్పు పెట్టుకుని పనిచేసుంటారు. చార గట్టిపడి రేకుని వంచేసింది, అందుకే ఆల్కహాల్‌కి లొంగలేదు.

కొత్తది పెట్టడం

పెట్టబోయే స్విచ్‌ని ముందే శుభ్రం చేసి, చేతిలో ఉండగానే మల్టీమీటర్‌తో ఇరవైసార్లు నొక్కి కొలవండి. బిగించాక పనికిరాదని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసుకోండి. కాళ్లు వాటంతటవే దిగాలి, తోయకూడదు. స్విచ్‌కి ప్లస్ మైనస్ లేదు గానీ కాళ్లు మధ్యకి కాకుండా ఒక పక్కకి ఉంటాయి కాబట్టి పక్క స్విచ్‌ని చూసి అదే దిశలో పెట్టండి. మొదట ఒక్క కాలికే సోల్డర్ వేయండి. బోర్డు తిప్పి, కంటిని బోర్డు అంచుకి సమానంగా దించి వరుసంతా చూడండి. కొత్తది కొంచెం ఎత్తుగానో వంకరగానో ఉంటే, పైనుంచి వేలితో నొక్కి పట్టి ఆ ఒక్క కాలినీ మళ్లీ వేడిచేస్తే టప్పున కూర్చుంటుంది. ఆ తర్వాతే రెండో కాలు. రెండూ సోల్డర్ అయ్యాక సరిచేద్దామంటే కుదరదు. మిగిలిన ఫ్లక్స్‌ని ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి.

ఒకవేళ తీసేటప్పుడు రాగి పొర లేచిపోయిందా? కంగారు పడకండి. ఆ గీత పక్క స్విచ్ కాలికి ఎక్కడికి వెళ్తుందో కంటిన్యుటీతో వెతికి, సన్నని ఇన్సులేటెడ్ తీగతో ఆ కాలి నుంచి ఈ కాలికి కలపండి. గళ్ల పట్టీ కాబట్టి అదే వరుసలోని ఏ స్విచ్ నుంచైనా తీసుకోవచ్చు. "ఎన్"కి అడ్డ వరుస పోతే "హెచ్" నుంచి తెచ్చుకోవచ్చు. నిలువు వరుస పోతే "జె" నుంచి గానీ "ఎమ్" నుంచి గానీ.

మూత వేసే ముందు

రిబ్బన్‌ని ఫొటో చూసుకుంటూ తిరిగి పెట్టండి. ఒక పిన్ను పక్కకి జరిగి కూర్చోవడం చాలా తేలిక, అందులో కరెంటు తీగలూ ఉన్నాయి కాబట్టి అది ప్రమాదం కూడా. రెండు చివర్లలోనూ ఏ పిన్నూ బయటికి కనపడకూడదు. బోర్డు వెనకవైపు కాళ్లు మదర్‌బోర్డుకి తగలకుండా చూసి, నట్లు లెక్కపెట్టి, అప్పుడు ఆన్ చేయండి. మూత లేకుండా నడుస్తున్నంతసేపూ పవర్ సప్లై పెట్టె వైపు చెయ్యి పోనివ్వొద్దు.

మొదట చెప్పిన పరీక్ష మళ్లీ చేయండి. మార్చిన కీ ఒక్కటే కాదు, అన్నీ నొక్కండి. పక్క స్విచ్‌ల కాళ్ల మధ్య సోల్డర్ చుక్క వంతెన కట్టి ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. మెల్లగా నొక్కండి, మూలమీద నొక్కండి, నొక్కి పట్టుకోండి. నొక్కి పట్టినప్పుడు అక్షరం ఆగకుండా రిపీట్ అవుతుంటే కాంటాక్టు గట్టిగా ఉన్నట్టు. మధ్యలో తడబడితే మళ్లీ ఆల్కహాల్ చుక్క.

ఊడదీసిన కీక్యాప్‌ల్ని గోరువెచ్చని సర్ఫ్ నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. మరిగే నీళ్లయితే ప్లాస్టిక్ వంకర్లు పోతుంది. నాలుగు ఫిక్స్ స్క్రూలనీ మొదట వదులుగా పెట్టి, మూత సర్దుకున్నాక బిగించండి.

నా మెషిన్‌లో ఎఫ్9 ఎర్ర కీక్యాప్ ఉండాల్సిన చోట ఇప్పుడు స్విచ్ లేదు, రెండు ఖాళీ రంధ్రాలే ఉన్నాయి. కీక్యాప్‌ని చిన్న కవర్లో వేసి, పైన "ఎఫ్9" అని రాసి, మూత లోపలివైపు టేపుతో అంటించాను. బావ మళ్లీ వచ్చేటప్పుడు ఒక పాడైన కీబోర్డు వెతికి తెస్తానన్నాడు.